చిన్నాయన హత్య కేసు కొట్టేశారు. హైకోర్టుకు అప్పీలు మేమే వేసుకోవచ్చా?

బోడుప్పల్_సునీత
నిద్ర పట్టక రాస్తున్నా. మా చిన్నాయన హత్య కేసులో పోయిన నెల సెషన్స్ కోర్టు ముగ్గురినీ నిర్దోషులని వదిలేసింది. ఆ ముగ్గురూ పరాయివాళ్ళు కాదు, మా పాలివాళ్ళే. ఎ1 (మొదటి ముద్దాయి) మా తాత అన్న కొడుకు, నాకు వరసకు పెదనాన్న. ఎ2, ఎ3 అతని కొడుకులు. చిన్నప్పుడు బతుకమ్మకు వాళ్ళింటి పూలే తెచ్చుకునేవాళ్ళం.

ఊరు ఘట్‌కేసర్ దాటాక. ఔటర్ రింగ్ రోడ్డు రాకముందు ఆ గెట్టు గురించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. భూమి ధర పెరిగాక రెండు గజాల గెట్టు కోసం పదేళ్ళు పంచాయితీలు నడిచాయి. 2019 డిసెంబరులో ఒక సాయంత్రం ఇంటి ముందే గొడ్డలితో కొట్టారు. మా చిన్నమ్మ, వాళ్ళబ్బాయి చూశారు. అప్పుడు వాడికి పదిహేడేళ్ళు. చిన్నాయన ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు.

జడ్జిమెంటులో కారణాలు నాకు అర్థమైనంత వరకు ఇవి. సాక్షులు బంధువులు, పైగా పాత కక్ష ఉంది. ఎఫ్ఐఆర్ ఆలస్యం. గొడ్డలి దొరికినప్పుడు సంతకం పెట్టిన పంచులిద్దరూ కోర్టులో అడ్డం తిరిగారు. పక్కనే టీ కొట్టు ఆయన కూడా 'నేనేమీ చూడలేదు' అన్నాడు. చీకట్లో ఎలా గుర్తుపట్టారన్నది ఇంకో ప్రశ్న.

తీర్పు చదివిన రోజు చిన్నమ్మ నా పక్కనే నిలబడి ఉంది. అంతా ఇంగ్లీషు. జడ్జిగారు చదవడం ఆపగానే నా మోచెయ్యి పట్టుకుని 'ఎన్నేళ్ళు పడిందే సునీతా' అని అడిగింది. వదిలేశారని ఆమెకు నేనే చెప్పాల్సి వచ్చింది.

పీపీ (ప్రభుత్వ వకీలు) గారిని అడిగితే 'పైకి రాస్తాం, ప్రభుత్వం సరేనంటే అప్పీలు పోతుంది' అన్నారు. అంతే. ప్రభుత్వం వెయ్యకపోతే మా దారి మూసుకుపోయినట్టేనా? ఎన్ని రోజుల గడువు? వేస్తే లాభం ఉంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

మూసీగట్టు
చదువుతుంటే గుండె పిండేసింది అక్కా. నాకు లా తెలియదు గానీ ఇక్కడ నల్లకోటు గారు ఉంటారు, ఆయన్ని ట్యాగ్ చేస్తున్నా.

చాయ్_కప్పు
ఒకసారి నిర్దోషి అని వదిలేశాక మళ్ళీ అదే కేసు నడపకూడదని రాజ్యాంగంలో ఉందంటారు కదా? డబుల్ జెపర్డీ ఏదో.

నల్లకోటు
ముందు చాయ్_కప్పు గారికి. ఆర్టికల్ 20(2) చెప్పేది ఒకే నేరానికి రెండోసారి ప్రాసిక్యూట్ చేసి శిక్షించకూడదని. అప్పీలు రెండో కేసు కాదు, అదే కేసు పై మెట్టుకు వెళ్ళడం. కాబట్టి అడ్డం రాదు.

సునీత గారూ, దారి మూసుకుపోలేదు. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం)లో సెక్షన్ 378 కింద అప్పీలు ప్రభుత్వం చేతిలో ఉండేది, దానికి హైకోర్టు అనుమతి కూడా కావాలి. బాధితులు ఎదురుచూస్తూ కూర్చోవడమే. తర్వాత 372కి ఒక ప్రొవైజో (సెక్షన్ చివర అదనపు నిబంధన) చేర్చారు. అది 2009 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి కేసు కొట్టేసినా, చిన్న సెక్షన్ కింద శిక్ష వేసినా, పరిహారం తక్కువిచ్చినా బాధితులు నేరుగా అప్పీలు వెయ్యొచ్చు. ఇప్పుడు సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అదే 413 అయింది, ప్రభుత్వ అప్పీలు 419. పాత కేసు, కొత్త తీర్పు కాబట్టి ఏ నంబరు రాయాలో మీ వకీలు చూసుకుంటారు. హక్కు రెండింట్లోనూ ఉంది.

ప్రభుత్వానికి కావాల్సిన అనుమతి బాధితులకు అక్కర్లేదు. ఇది సుప్రీంకోర్టు 2018లో మల్లికార్జున్ కొడగలి కేసులో తేల్చింది.

ఒక్క జాగ్రత్త. 'బాధితులు' అంటే నష్టపోయిన మనిషి, లేదా ఆయన చట్టబద్ధ వారసులు. అంటే మీ చిన్నమ్మ, వాళ్ళబ్బాయి. అన్న కూతురిగా మీ పేరు మీద వేస్తే మొదటి రోజే అభ్యంతరం వస్తుంది. చిన్నమ్మ పేరు మీదే వెయ్యండి.

బోడుప్పల్_సునీత
ఈ ఒక్క ముక్క నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు నల్లకోటు గారూ. గడువు సంగతి కూడా చెప్పండి. ఇప్పటికే 34 రోజులు అయిపోయాయి, టెన్షన్‌గా ఉంది.

బెంచిగుమాస్తా_రిటైర్డ్
నేను ముప్పై ఏళ్ళు కోర్టుల్లో పనిచేసి రిటైరయ్యాను. గడువు గురించి నేను చెబుతా.

కొట్టేసిన తీర్పు మీద ప్రభుత్వం వేసే అప్పీలుకు లిమిటేషన్ చట్టంలో 90 రోజులు. బాధితుల అప్పీలుకు ఇన్ని రోజులని ఆ ప్రొవైజోలో రాయలేదు. అందుకని 90 దాకా ఆగుదాం అనుకోకండి, రెండు నెలల్లోపే పడేలా చూసుకోండి. ఆలస్యమైతే కారణం చెప్పి మన్నించమని పిటిషన్ పెట్టుకోవచ్చు గానీ, అవతలి పక్షం దాన్నే పట్టుకుని కూర్చుంటుంది.

అమ్మా, కాపీకి దరఖాస్తు పెట్టారా? మీ దగ్గరున్నది ఆన్‌లైన్‌లో దింపుకున్నదా, సర్టిఫైడ్ కాపీనా? అప్పీలుకు సర్టిఫైడ్ కాపీ కావాలి. అది తయారవడానికి పట్టిన రోజుల్ని గడువులో లెక్కపెట్టరు. కాపీ వెనక ఒక ముద్ర ఉంటుంది చూడండి: దరఖాస్తు ఇచ్చిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, స్టాంపులు ఇచ్చిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ. వాటిని బట్టే లెక్క. స్టాంపులు 'కాల్ ఫర్' అయ్యాక మీరు నాలుగు రోజులు తాత్సారం చేస్తే ఆ నాలుగు రోజులు మీ ఖాతాలో పడతాయి. నోటీసు బోర్డు మీద కాల్ ఫర్ లిస్టు రోజూ చూసుకోండి.

ఇంకోటి. తీర్పు ఒక్కటే తీసుకుంటే చాలదు. సాక్షుల వాంగ్మూలాలు అన్నీ, ఎగ్జిబిట్లు (కోర్టులో నంబరు వేసి పెట్టిన కాగితాలు) అన్నీ అడగండి. హైకోర్టు ఎలాగూ కింది కోర్టు రికార్డు తెప్పించుకుంటుంది గానీ, మీ వకీలు గ్రౌండ్స్ (అప్పీలుకు కారణాలు) రాయడానికి ఇప్పుడే కావాలి.

బోడుప్పల్_సునీత
నా దగ్గరున్నది యాప్‌లో దింపుకున్నదే. రేపే దరఖాస్తు పెడతాం. వాంగ్మూలాల కాపీలు మాత్రం మా పాత వకీలు దగ్గర ఉన్నాయి, తెచ్చుకుంటా.

అంబర్‌పేట_అక్క
సునీతా, నీ బాధ నాకు తెలుసు. మా అన్నది కూడా ఇదే కథ. మేనబావ చేతిలో పోయాడు. సెషన్స్‌లో కొట్టేశారు, మేము హైకోర్టుకు వెళ్ళాం. ఏడేళ్ళు. చివరికి అప్పీలు కూడా కొట్టేశారు. 'కింది కోర్టు అభిప్రాయం కూడా సాధ్యమైనదే' అని ఒక్క వాక్యం. ఆ ఏడేళ్ళలో మా అమ్మ మంచం పట్టింది, వదిన రెండు వాయిదాలకు మించి రాలేకపోయింది. నిన్ను ఆపడానికి చెప్పడం లేదు. లోపలికి దిగే ముందు ఎంత లోతో తెలుసుకో అని చెబుతున్నా.

ఖాకీ_జ్ఞాపకం
నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యా. అక్క చెప్పింది నిజం. కానీ ప్రతి కేసూ ఒకటి కాదు. సునీత గారూ, దెబ్బలు తగిలింది ఎన్నింటికి, ఎఫ్ఐఆర్ ఎన్నింటికి?

బోడుప్పల్_సునీత
దెబ్బ ఏడున్నరకు. ఆసుపత్రిలో ఎనిమిది నలభైకి చీటీ రాశారు. ఎఫ్ఐఆర్ రాత్రి ఒంటి గంటకు. మేజిస్ట్రేటు దగ్గరికి చేరింది మర్నాడు సాయంత్రం నాలుగింటికి. దెబ్బకూ ఎఫ్ఐఆర్‌కూ మధ్య ఐదున్నర గంటల మీద తీర్పులో రెండు పేజీలున్నాయి. 'ఆలోచించుకుని పేర్లు చేర్చారు' అని.

ఖాకీ_జ్ఞాపకం
మనిషి ఊపిరితో ఉంటే ముందు ఆసుపత్రికే పరుగెత్తుతారు, స్టేషన్‌కు కాదు. ఎఫ్ఐఆర్ రాత్రి ఒంటి గంట దాకా ఆలస్యమైనందుకు అది సరైన జవాబే, అది రికార్డులో పడిందా లేదా అన్నదే చూడాలి. మేజిస్ట్రేటుకు మర్నాడు నాలుగింటికి అంటే మాత్రం స్టేషన్ వాళ్ళ అలసత్వం. హత్య కేసులో ఎక్స్‌ప్రెస్ ఎఫ్ఐఆర్ వెంటనే మనిషితో పంపాలి. ఆ కానిస్టేబుల్‌ని సాక్షిగా పిలిచి ఎందుకు ఆలస్యమైందో అడిగించాల్సింది.

ఆసుపత్రి ఎంఎల్‌సీ రిజిస్టర్‌లో (పోలీసు కేసయ్యే దెబ్బలు రాసే పుస్తకం) డ్యూటీ డాక్టరు 'ఎవరు తెచ్చారు, ఏం జరిగిందన్నారు' అని ఒక లైను రాస్తారు. ఎనిమిది నలభైకే 'బంధువులు కొట్టారు' అని ఉంటే, తర్వాత కూర్చుని అల్లిన కథ అనడానికి వీలుండదు. అది కోర్టులో పెట్టారా?

బోడుప్పల్_సునీత
లేదండి. పోస్టుమార్టం రిపోర్టు ఒక్కటే పెట్టారు. ఆ రిజిస్టర్ గురించి ఎవరూ అడగలేదు. ఇప్పుడు పెట్టొచ్చా?

నల్లకోటు
అప్పీలులో అదనపు సాక్ష్యం తీసుకునే అధికారం హైకోర్టుకు ఉంది, పాత 391, కొత్త 432. కానీ కింది కోర్టులో పెట్టడం మరిచిపోయినవన్నీ పూడ్చుకోవడానికి దాన్ని వాడనివ్వరు. అడగండి, ఆశ మాత్రం దాని మీద పెట్టుకోకండి.

అంబర్‌పేట_అక్క గారు చెప్పిన వాక్యం గురించి అందరికీ ఒకసారి వివరంగా చెప్పాలి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అప్పీలు అంటే కేసు మళ్ళీ మొదట్నుంచి నడుస్తుందనుకుంటారు. సాక్షుల్ని మళ్ళీ బోనెక్కిస్తారనుకుంటారు. అలా ఉండదు. బోనులో చెప్పింది చెప్పినట్టే ఉంటుంది. కాగితాల మీద వాదన, అంతే.

హైకోర్టు సాక్ష్యం మొత్తాన్ని తిరిగి తూచవచ్చు, అందులో అడ్డేమీ లేదు. 1934లోనే ప్రీవీ కౌన్సిల్ ఆ మాట చెప్పింది. 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు అన్నీ ఒకచోట కూర్చింది. దాని ప్రకారం, మామూలుగానే ముద్దాయి నిర్దోషి అన్న భావనతో మొదలుపెడతాం. కేసు కొట్టేశాక ఆ భావన రెట్టింపవుతుంది. ఒకే సాక్ష్యం నుంచి రెండు రకాల అభిప్రాయాలకు రావడం సబబే అయితే, కింది కోర్టు ఎంచుకున్నదాన్ని కదిలించకూడదు. 'నేనైతే శిక్ష వేసేవాణ్ణి' అని హైకోర్టుకు అనిపించినంత మాత్రాన చాలదు.

కాబట్టి మీ చిన్నమ్మ నిజం చెప్పిందని హైకోర్టును నమ్మించడం సగం పనే. ఈ రికార్డు చూసిన ఏ జడ్జీ ఇలా తేల్చడం కుదరదు అని చూపించాలి. రికార్డులో ఉన్న ముఖ్యమైన ముక్కను తీర్పు అసలు పట్టించుకోకపోతే, లేనిదాన్ని ఉన్నట్టు రాస్తే, సాక్ష్యాన్ని తప్పుగా చదివితే, అక్కడ పట్టు దొరుకుతుంది. అది మీ కాగితాల్లో ఉందా లేదా వెతకాలి.

మూసీగట్టు
బంధువుల సాక్ష్యం చెల్లదని రాశారు కదా, అదే తప్పు కాదా? ఇంటి ముందు చంపితే ఇంట్లోవాళ్ళు కాక అమీర్‌పేట వాళ్ళు చూస్తారా?

నల్లకోటు
బాగా అడిగారు. బంధువు వేరు, స్వార్థం ఉన్న సాక్షి వేరు. 1953లో దలీప్ సింగ్ కేసులో జస్టిస్ వివియన్ బోస్ రాశారు, దగ్గరి బంధువు అసలు దోషిని తప్పించి వేరేవాణ్ణి ఇరికించడానికి మామూలుగా చివరి మనిషి అవుతాడని. బంధువని తోసెయ్యకూడదు, జాగ్రత్తగా చూడాలి, అంతే. కక్ష కూడా రెండువైపులా పదునున్న కత్తి. చంపడానికీ కారణం అవుతుంది, ఇరికించడానికీ కారణం అవుతుంది. తీర్పులో ఒక్క వైపే చూస్తే అది వాదించదగ్గ పాయింటే.

పంచులు అడ్డం తిరిగినా రికవరీ (గొడ్డలి దొరికిందన్న సాక్ష్యం) గాలికి పోదు. దర్యాప్తు అధికారి మాట నమ్మదగ్గదైతే దాని మీద నిలబడవచ్చు. అడ్డం తిరిగిన సాక్షి చెప్పింది కూడా మొత్తం చెరిపెయ్యక్కర్లేదు, పనికొచ్చే ముక్క తీసుకోవచ్చు.

దిల్‌సుఖ్‌నగర్_రాజు
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. నేను అటువైపు నుంచి చెబుతా, కోపం తెచ్చుకోకండి.

మా నాన్న ఇలాంటి కేసులోనే ఎ3. మా పెదనాన్న కొడుక్కీ వాళ్ళ బావమరిదికీ గొడవ, మనిషి పోయాడు. ఆరోజు మా నాన్న సికింద్రాబాద్‌లో డ్యూటీలో ఉన్నాడు. అయినా 'ఆ ఇంటి మగాళ్ళు' అని పేర్లన్నీ రాసిచ్చారు. పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు. ఉద్యోగం పోయింది. నాలుగేళ్ళకు కేసు కొట్టేశారు. ఊపిరి పీల్చుకునేలోపే అవతలివాళ్ళు అప్పీలు వేశారు. ఆరేళ్ళు అది నడిచింది. మా చెల్లి సంబంధాలు మూడు తప్పిపోయాయి, 'కేసు ఇంకా ఉందట కదా' అని. చివరికి అప్పీలు కొట్టేసిన రోజు మా నాన్న ఏమీ మాట్లాడలేదు, అన్నం కూడా తినలేదు.

సునీత గారూ, మీ చిన్నాయన్ని చంపినవాళ్ళకు శిక్ష పడాలి. అందులో రెండో మాట లేదు. కానీ ముగ్గురూ అక్కడ ఉన్నారా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

మూసీగట్టు
రాజు భయ్యా, ఇప్పుడామె దుఃఖంలో ఉంటే ఇదా అడిగేది?

దిల్‌సుఖ్‌నగర్_రాజు
ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? అప్పీలు పడ్డాక అడిగితే ఏం లాభం?

నల్లకోటు
రాజు గారి ప్రశ్న కోర్టు కూడా అడుగుతుంది. నేను చెప్పిన దలీప్ సింగ్ తీర్పులోనే తర్వాతి వాక్యాలు ఉన్నాయి, మా వకీళ్ళు చాలామంది చదవకుండా వదిలేసేవి. కక్షలు రగిలినప్పుడు దోషితో పాటు ఒక నిర్దోషిని కూడా లాగే అలవాటు ఉంటుందని. బంధువుల సాక్ష్యం మీద ఇప్పటిదాకా కోర్టులు చూపే జాగ్రత్తంతా దానివల్లే.

బెంచిగుమాస్తా_రిటైర్డ్
ఒక్కమాట. అప్పీలు ముగ్గురి మీదా వెయ్యాలని లేదు. ఒకరి మీదో ఇద్దరి మీదో వెయ్యొచ్చు.

బోడుప్పల్_సునీత
రెండు రోజులు జవాబివ్వలేకపోయాను. రాజు గారూ, మీ పోస్టు చదివి మొదట కోపం వచ్చింది. ఫోన్ పక్కన పెట్టేశాను. తర్వాత పాత వకీలు దగ్గర్నుంచి కట్ట తెచ్చుకుని మొదటి ఫిర్యాదు చదివాను. అందులో రెండే పేర్లున్నాయి. ఎ1, ఎ2. ఎ3 పేరు మూడో రోజు పోలీసులు రాసుకున్న స్టేట్‌మెంట్లలో వచ్చింది. మా తమ్ముడు బోనులో 'చిన్నవాడు కూడా ఉన్నాడు' అన్నాడు, క్రాస్‌లో (అవతలి వకీలు ప్రశ్నించినప్పుడు) 'గేటు దగ్గర ఎవరో నిలబడ్డారు' అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. చిన్నమ్మను అడగాలి.

ఇంకొకటి దొరికింది. నల్లకోటు గారూ, మీరు 'తీర్పు పట్టించుకోని ముక్క' అన్నారు కదా, చూడండి. 41వ పేరాలో 'ఘటనా స్థలంలో వెలుతురు ఉన్నట్టు ఎలాంటి ఆధారం లేదు' అని ఉంది. దర్యాప్తు అధికారి కూడా స్టేట్‌మెంట్లలో లైటు గురించి రాయలేదని ఒప్పుకున్నాడు. కానీ సీన్ పంచనామాకు జత చేసిన రఫ్ స్కెచ్ ఉంది, ఎగ్జిబిట్ పి-4. పెన్నుతో గీసింది. మా ఇల్లు, గేటు, చింతచెట్టు, శవం... కాదు, రక్తం ఉన్న చోటు ఒక ఇంటూ గుర్తు. దానికి పక్కన ఒక చిన్న సున్నా, 'కరెంటు స్తంభం' అని రాసి, మధ్యలో గీత గీసి '12 అ.' అని ఉంది. పన్నెండు అడుగులు. ఆ కాగితాన్ని ఐదేళ్ళలో పదిసార్లు చూసి ఉంటాను, ఆ సున్నా ఎప్పుడూ కనబడలేదు.

నల్లకోటు
చాలా మంచిది. తీర్పులో పి-4 గురించి ఎక్కడైనా రాశారా?

బోడుప్పల్_సునీత
చివర్లో ఎగ్జిబిట్ల పట్టీలో పేరు తప్ప ఎక్కడా లేదు.

దిల్‌సుఖ్‌నగర్_రాజు
స్తంభం ఉంటే లైటు వెలిగినట్టు కాదు. మా వీధిలో స్తంభానికి బల్బు లేక ఏడాదైంది. అవతలి వకీలు మొదటి మాటే ఇది అంటాడు, ముందే చెబుతున్నా.

నల్లకోటు
అంటాడు. ఆ రోజు కరెంటు ఉందని ఎవరైనా చెప్పారా? చీఫ్‌లో (మనవైపు వకీలు అడిగినప్పుడు చెప్పినదాంట్లో) కాదు, క్రాస్‌లో వెతకండి. మనవాళ్ళ చీఫ్‌లో వచ్చింది 'నేర్పించారు' అంటారు. అవతలివాళ్ళు అడిగిన ప్రశ్నకు జవాబుగా వచ్చిందానికి బలం ఎక్కువ.

బెంచిగుమాస్తా_రిటైర్డ్
అవును. క్రాస్ వాంగ్మూలాలు లైను లైనూ చదవండి. ప్రశ్న రాయరు, జవాబు మాత్రమే రాస్తారు కాబట్టి తొందరలో జారిపోతుంది.

బోడుప్పల్_సునీత
ఉంది. చిన్నమ్మ క్రాస్ రెండో పేజీ. 'అరుపు వినబడినప్పుడు నేను ఇంట్లో ఉన్నాను. టీవీ చూస్తున్నాను. టీవీ నడుస్తూనే ఉంది. నేను దాన్ని ఆపకుండానే బయటికి వచ్చాను.'

ఆమె గొడవ మొదటినుంచీ చూడలేదని చూపించడానికి అడిగినట్టున్నారు. కానీ టీవీ నడుస్తోందంటే కరెంటు ఉన్నట్టే కదా?

చాయ్_కప్పు
అబ్బ! నల్లకోటు గారూ, సునీత గారికి కూడా ఒక నల్లకోటు కుట్టించండి.

ఖాకీ_జ్ఞాపకం
గట్టి పట్టు పట్టావమ్మా.

నల్లకోటు
కోటు తర్వాత, ముందు అప్పీలు. ఇది బలమైన గ్రౌండే. వీధిలైటు వెలుగుతోందని దీంతో నేరుగా రుజువు కాదు, రాజు గారి అభ్యంతరం నిలబడుతుంది. కానీ 'ఎలాంటి ఆధారం లేదు' అన్న మాట మాత్రం నిలబడదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పాలివాళ్ళను గుర్తుపట్టడానికి పట్టపగటి వెలుగు అక్కర్లేదు, ఒడ్డూ పొడుగూ, నడక, గొంతు చాలు. తెలిసినవాళ్ళను మసక వెలుతురులో గుర్తుపట్టడాన్ని కోర్టులు ఒప్పుకున్న సందర్భాలు ఉన్నాయి. స్కెచ్‌లో స్తంభం, నడుస్తున్న టీవీ, పాత పరిచయం, ఈ మూడూ కలిపి రాయించండి.

ప్రభుత్వ అప్పీలు కోసం కూడా వదలొద్దు. తీర్పులో లోపాలు ఇవీ అని పీపీ గారికీ, పోలీసు కమిషనర్‌కూ రాతపూర్వకంగా ఇవ్వండి. ప్రభుత్వం కూడా వేస్తే రెండూ కలిపి వింటారు.

ఇంకో విషయం త్వరగా చూసుకోవాల్సింది. వదిలేసేటప్పుడు పై కోర్టు పిలిస్తే హాజరవుతామని ముద్దాయిల దగ్గర ఆరు నెలల బాండు తీసుకుంటారు, పాత 437ఏ, కొత్త 481. ఆరు నెలల్లో నోటీసు అందితే మనుషుల్ని వెతుక్కునే బాధ తప్పుతుంది.

అంబర్‌పేట_అక్క
మా కేసులో ఒకడికి నోటీసు అందడానికే రెండేళ్ళు పట్టింది. ఈ బాండు సంగతి మాకు చెప్పినవాళ్ళు లేరు.

మూసీగట్టు
ఫీజుల సంగతి? హైకోర్టు అంటే లక్షలేమో.

నల్లకోటు
కోర్టు ఫీజు నామమాత్రమే. వకీలు ఫీజు మనిషిని బట్టి. లేకపోతే హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

కేసు కొట్టేసినా బాధిత కుటుంబానికి పునరావాసం అవసరమైతే పరిహారం కోసం కోర్టు సిఫారసు చెయ్యొచ్చు. పాత 357ఏ, కొత్త 396. దానికి జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీలో అడగండి. శిక్ష పడితేనే పరిహారం అనుకుని చాలామంది అడగనే అడగరు.

బోడుప్పల్_సునీత
ఇంకో తలనొప్పి వచ్చిపడింది. నిన్న ఊరి పెద్దమనుషులు ఇద్దరు చిన్నమ్మ దగ్గరికి వచ్చారు. గెట్టు వదిలేస్తారట, రోడ్డు వైపు రెండు గుంటలు రాసిస్తారట, అప్పీలు వెయ్యొద్దట. 'పోయినోడు ఎట్లాగూ రాడు, పిల్లగాని బతుకు చూడు' అన్నారట. చిన్నమ్మ వాళ్ళకు చాయ్ పోసి పంపించింది, ఏమీ చెప్పలేదు.

మూసీగట్టు
తీసుకోవద్దు!

అంబర్‌పేట_అక్క
మూసీగట్టు తమ్ముడూ, అంత తేలిగ్గా అనకు. ఆ పిల్లాడి బతుకు కూడా బతుకే. మాకు ఎవరైనా అప్పుడు అలా వచ్చి అడిగి ఉంటే నేను ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

నల్లకోటు
హత్య కేసు రాజీకి వీల్లేనిది. అప్పీలు వెయ్యాలా వద్దా అన్నది మీ చిన్నమ్మ ఇష్టం, ఎవరూ బలవంతం చెయ్యరు. కానీ శిక్ష పడకుండా వదిలేసినందుకు ప్రతిఫలం పుచ్చుకోవడం పాత ఐపీసీ 213 కింద నేరం, కొత్త చట్టంలోనూ ఉంది. అది ఇవ్వజూపిన వాళ్ళకే కాదు, పుచ్చుకున్న మీకూ చుట్టుకుంటుంది. భూమి వాటా మీ హక్కయితే సివిల్ కోర్టులో తేల్చుకోండి. రెండింటినీ ఒకే ముడి వెయ్యకండి.

మళ్ళీ వచ్చి భయపెట్టే మాట ఏదైనా అంటే తేదీ, టైము రాసిపెట్టుకోండి, పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి.

దిల్‌సుఖ్‌నగర్_రాజు
ఈ విషయంలో నల్లకోటు గారితో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తున్నా. మా నాన్న కేసులో కూడా ఇలాగే మాట కలిపారు. తర్వాత ఆ మాటే మా మెడకు చుట్టుకుంది.

బెంచిగుమాస్తా_రిటైర్డ్
సునీతమ్మా, కాపీ వచ్చిందా?

బోడుప్పల్_సునీత
నిన్న వచ్చింది సార్. కాల్ ఫర్ లిస్టులో పేరు చూసిన రోజే స్టాంపులు ఇచ్చేశాం. వెనక ముద్రలో నాలుగు తేదీలూ ఉన్నాయి, మీరు చెప్పినట్టే. లీగల్ సర్వీసెస్ వాళ్ళు ఒక మేడమ్‌ని ఇచ్చారు. బుధవారం హైకోర్టులో కలవమన్నారు.

నిన్న రాత్రి చిన్నమ్మకు రఫ్ స్కెచ్ చూపించాను. ఆమెకు బొమ్మ అర్థం కాలేదు. 'ఇది మన గేటు, ఇది చింతచెట్టు' అని వేలు పెట్టి చూపిస్తే, ఆ సున్నా మీద తనే వేలు పెట్టి 'ఇది లైటు స్తంభం కదా, ఆ రోజు దాని కిందే మీ చిన్నాయన బండి పెట్టిండు' అంది. చాలాసేపు వేలు తియ్యలేదు.

తర్వాత ఎ3 సంగతి అడిగాను. రాజు గారూ, ఇది మీకోసం రాస్తున్నా. 'చిన్నోన్ని నేను చూడలే. పిల్లగాడు అన్నడని నేనూ అన్న. వాని పేరు తియ్యమను' అంది. మా తమ్ముడు ఒప్పుకోలేదు. గేటు దగ్గర ఉన్నది వాడేనని అన్నాడు. తల్లీకొడుకులు గంటసేపు వాదించుకున్నారు. చివరికి అప్పీలు తన పేరు మీద కాబట్టి తన మాటే అంది. వకాలత్ మీద సంతకం పెట్టింది, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. అప్పీలు ఎ1, ఎ2 మీదే వేస్తున్నాం.

దిల్‌సుఖ్‌నగర్_రాజు
మీ చిన్నమ్మ గారికి నా దండం చెప్పండి.

అంబర్‌పేట_అక్క
తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండు సునీతా. పదిహేడేళ్ళప్పుడు చూసింది వాడు.

బోడుప్పల్_సునీత
అలాగే అక్కా. బుధవారం వాడు కూడా సెలవు పెట్టి వస్తానన్నాడు. హైకోర్టుకు మేమెప్పుడూ రాలేదు. బోడుప్పల్ నుంచి ఎలా రావాలి?

చాయ్_కప్పు
ఇది నాకు తెలిసిన సబ్జెక్టు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కండి, పరేడ్ గ్రౌండ్‌లో మారి గ్రీన్ లైన్‌లో ఎంజీబీఎస్‌లో దిగండి. అక్కడి నుంచి ఆటో. మూసీ పక్కన ఎర్రరాయి గుమ్మటాల బిల్డింగు, దాటిపోయే సమస్యే లేదు. పని అయ్యాక మదీనా దాకా నడిచి చిన్నమ్మకు ఇరానీ చాయ్ ఇప్పించండి.

బెంచిగుమాస్తా_రిటైర్డ్
ముగ్గురూ ఆధార్ కార్డులు పట్టుకెళ్ళండి, గేటు దగ్గర అడుగుతారు. కాపీలు రెండు జిరాక్స్ సెట్లు తీసుకోండి. ఒరిజినల్ కాపీ ఎవరి చేతికీ ఇవ్వకండి, మీ మేడమ్‌కు తప్ప. పి-4 జిరాక్స్ తీసేటప్పుడు ఆ సున్నా స్పష్టంగా పడిందో లేదో చూసుకోండి. పెన్ను గీతలు ఒక్కోసారి పడవు.

బోడుప్పల్_సునీత
ఇప్పుడే చూశాను సార్. మొదటి జిరాక్స్‌లో పడలేదు. ముదురుగా పెట్టించి మళ్ళీ తీయించాను. పడింది.